కనజావాలోని కెన్‌రోకుఎన్ తోట: ఏ నెలలో వెళ్ళాలి, ఎటునుంచి నడవాలి

జపాన్‌లో మూడు మేటి తోటలని పేరు పడినవి ఉన్నాయి: మితోలో కైరాకుఎన్, ఒకాయామాలో కోరాకుఎన్, కనజావాలో కెన్‌రోకుఎన్. మూడింటిలో ఒక్కదానికే వీలు చిక్కితే కెన్‌రోకుఎన్‌కే వెళ్ళండి. టోక్యో నుంచి షింకాన్‌సెన్ (బుల్లెట్ రైలు)లో సుమారు రెండున్నర గంటల ప్రయాణం. తోట విస్తీర్ణం 11.4 హెక్టార్లు, అంటే దాదాపు 28 ఎకరాలు. ఏడాది పొడుగునా తెరిచే ఉంటుంది.

చాలామంది ఇక్కడికొచ్చి, పెద్ద చెరువు దగ్గరున్న రాతి లాంతరు ముందు ఫొటో దిగి, గట్టు వెంట కాసేపు తిరిగి ముప్పావుగంటలో బయటపడతారు. అలా చూస్తే ఇది బాగా శుభ్రంగా ఉంచిన పార్కులాగే అనిపిస్తుంది. కానీ ఈ తోటను నడిచే మనిషిని మనసులో పెట్టుకుని కట్టారు. మలుపు తిరిగేదాకా నీళ్ళ చప్పుడే తప్ప జలపాతం కనపడదు. వాలు ఎక్కేదాకా పైన అంత పెద్ద చెరువుందని తెలియదు. అందుకే ఏ నెలలో వెళ్ళాలి, ఎటునుంచి లోపలికి అడుగుపెట్టాలి, ఎక్కడ ఎక్కువసేపు ఆగాలి అన్నవి ముందే తేల్చుకుంటే మంచిది.

ముందు కొంచెం కథ తెలుసుకుని వెళ్ళండి

కనజావా కోటలో ఉండి కాగా సంస్థానాన్ని ఏలినవాళ్ళు మయెదా వంశం ప్రభువులు. షోగున్లు అనే సైనిక పాలకుల కాలంలో జపాన్ సంస్థానాలన్నింటిలోకీ సంపన్నమైనది ఇదే. 1676లో ఐదో ప్రభువు త్సునానోరి కోటకు ఎదురుగా ఉన్న వాలులో ఒక తోట వేయించాడు. 1759లో ఊరంతా అంటుకున్న మంటల్లో అది చాలావరకు కాలిపోయింది. 1774లో హరునాగా అనే ప్రభువు దాన్ని మళ్ళీ నిలబెట్టి జలపాతమూ, చెరువు పక్కన ఒక టీ గృహమూ కట్టించాడు. తర్వాత వచ్చిన ప్రభువులు పైనున్న చదును నేలను కూడా కలుపుకున్నారు. పదమూడో ప్రభువు నరియాసు అక్కడి చెరువును తవ్వించి ఇప్పుడున్నంత పెద్దది చేశాడు. 1874లో తోటను ప్రజలకు తెరిచారు.

అంటే కింది భాగం పాతది, పై భాగం తర్వాతది. నడక దారి ఎంచుకోవడానికి ఈ ఒక్క విషయం చాలు.

ఇంకొకటి కూడా గుర్తు పెట్టుకోండి. సాంగ్ రాజుల కాలంలో లోయాంగ్ నగరపు తోటల గురించి రాసిన ఒక చైనా గ్రంథంలో ఇలా ఉంది: తోట విశాలంగా ఉంటే ఏకాంతం ఉండదు, మనిషి చేతిపని ఎక్కువైతే పాతదనం పోతుంది, నీళ్ళు ఎక్కువగా ఉంటే దూరపు దృశ్యాలు దొరకవు. ఒకదానికొకటి పొసగని ఈ ఆరు గుణాలూ ఒకేచోట కుదిరాయన్న అర్థంతోనే ఈ తోటకు ఆ పేరు పెట్టారు. నడుస్తున్నప్పుడు ఈ ఆరింటినీ వెతకండి. పిల్లలతో వెళ్తే వాళ్ళకే ఆ పని అప్పజెప్పండి, విసుగు లేకుండా నడుస్తారు.

ఏ నెలకు టికెట్ తీయాలి

అన్ని కాలాల్లోనూ బాగుంటుందని చెప్పడం తేలిక. సెలవులు తక్కువగా ఉన్నవాళ్ళకు ఆ మాట పనికిరాదు కాబట్టి నా ఎంపిక చెప్తాను: నవంబర్ మూడో వారం తర్వాత వెళ్ళండి.

కారణం ఇదీ. జపాన్ సముద్రం మీదుగా వచ్చే చలిగాలి దారిలో తేమ పీల్చుకుని ఈ తీరంలో మంచు కురిపిస్తుంది. ఆ మంచు పొడిగా రాలిపోదు, తడిగా, బరువుగా ఉండి కొమ్మల్ని పట్టుకుంటుంది. ఏళ్ళ తరబడి పక్కలకు సాగదీసి పెంచిన పైన్ కొమ్మలు ఆ బరువుకు విరిగిపోతాయి. అందుకని చెట్టు పక్కన ఎత్తయిన గుంజ పాతి, దాని కొస నుంచి ఒక్కో కొమ్మకూ వరిగడ్డి తాడు కట్టి పైకి లాగి పట్టుకుంటారు. దీన్ని యుకిత్సురి అంటారు. కాయల బరువుకు ఆపిల్ కొమ్మలు విరగకుండా కట్టే పద్ధతి నుంచి వచ్చింది కాబట్టి ఈ కట్టుకు ఆపిల్ కట్టు అనే పేరుంది. ఏటా నవంబర్ 1న పని మొదలవుతుంది, మొదట కట్టేది కరసాకి పైన్ చెట్టుకు. నరియాసు బీవా సరస్సు ఒడ్డునున్న కరసాకి నుంచి విత్తనం తెప్పించి పెంచిన చెట్టు అది. ఆ ఒక్క చెట్టుకే ఐదు గుంజలు, సుమారు 800 తాళ్ళు. మిగతా చెట్లన్నీ కట్టేసరికి డిసెంబర్ మధ్య అవుతుంది.

నవంబర్ రెండో సగంలో వెళ్తే తాళ్ళు కట్టిన పైన్ చెట్లూ, ఎర్రబడిన మేపుల్ ఆకులూ ఒకే చూపులో పడతాయి. పైగా నిచ్చెనల మీద పనిచేసే తోటమాలుల్ని కూడా చూడొచ్చు. మనకు అది కార్తీక మాసం. చలి ఉంటుంది కానీ మామూలు జాకెట్‌తో తట్టుకోవచ్చు.

రెండో ఎంపిక జనవరి చివర, ఫిబ్రవరి మొదట్లో మంచు కోసం. తాళ్ళ మీద సన్నగా మంచు పేరుకున్న పొద్దున ఈ తోట చూస్తే, యుకిత్సురి ఎందుకో ఎవరూ వివరించక్కర్లేదు. కాకపోతే మంచు మన సెలవుల ప్రకారం పడదు, పడినా వాన వచ్చి ఒక్క పూటలో కరిగిపోవచ్చు. కనీసం రెండు రాత్రులు ఊళ్ళో ఉండేట్టు ప్లాన్ చేసుకోండి. బూట్లు నీళ్ళు లోపలికి రానివి కావాలి. ఇక్కడ రోడ్డు మధ్య నుంచి భూగర్భజలం చిమ్మి మంచు కరిగిస్తారు, ఆ నీళ్ళకు మామూలు బూట్లయితే తోట చేరకముందే తడిసిపోతాయి.

చెర్రీ పూల కాలం గురించి అందరూ అడుగుతారు. ఇక్కడ సోమెయ్ యోషినో రకం చెర్రీ సాధారణంగా ఏప్రిల్ మొదటి వారాల్లో పూస్తుంది, అంటే మన ఉగాది దగ్గర్లో. పూలు విచ్చిన రోజుల్లో సుమారు వారం పాటు టికెట్ లేకుండా లోపలికి వదులుతారు, రాత్రి దీపాలు పెడతారు. అద్భుతంగా ఉంటుంది. అయితే జనం కూడా అంతే ఉంటారు. ఆ వారమే వెళ్ళాలనుకుంటే తెల్లవారుజామునే వెళ్ళండి, లేకపోతే ఈ తోట ఇచ్చే ఏకాంతం మీకు దక్కదు.

గుంపు వద్దనుకునేవాళ్ళకు నా సలహా ఏప్రిల్ చివర నుంచి మే మధ్య దాకా. అందరూ వెళ్ళిపోయాక పూసే చెర్రీ చెట్టు ఒకటి ఈ తోటలో ఉంది. పేరు కికుజాకురా. ఒక్కో పువ్వుకు 300కు పైగా రేకులు, చూడటానికి చిన్న చామంతిలా ఉంటుంది. మొగ్గగా ఉన్నప్పుడు ముదురు ఎరుపు, రాలే ముందు దాదాపు తెలుపు. ఆ వెంటనే మే నెలలో వంకరలు తిరిగే సన్నటి వాగు పొడుగునా కకిత్సుబతా అనే నీలపు ఐరిస్ పూలు విచ్చుకుంటాయి. దాని మీదున్న హనామి వంతెన మీద పొద్దున్నే నిలబడటానికి ఇదే సమయం. ఒక్క జాగ్రత్త: ఏప్రిల్ చివర నుంచి మే మొదటి వారం దాకా వచ్చే గోల్డెన్ వీక్ సెలవుల్లో మాత్రం వెళ్ళకండి. జపాన్ అంతా ఆ రోజుల్లోనే ప్రయాణిస్తుంది, హోటల్ ధరలు కూడా ఆకాశంలో ఉంటాయి.

ప్లమ్ పూలు ఫిబ్రవరి మధ్య నుంచి మార్చి చివరి దాకా ఉంటాయి. తోట దక్షిణపు పక్కనున్న వనంలో దాదాపు 200 చెట్లు, వాటికి మెల్లగా తెలిసే వాసన. యుకిత్సురి తాళ్ళు విప్పడం మార్చి 15 ప్రాంతంలో మొదలవుతుంది కాబట్టి మార్చి మొదటి పదిహేను రోజుల్లో రెండూ చూడొచ్చు.

జూన్, జూలైలలో వానలు. పూలు లేవని ఈ నెలల్ని కొట్టిపారేయొద్దు, నాచు అంత పచ్చగా మరెప్పుడూ ఉండదు. జూలై 1న కనజావా వాళ్ళు హిమురో మంజూ అనే తీపి పదార్థం తింటారు. పూర్వం చలికాలపు మంచును గోతుల్లో దాచి, పాత పంచాంగం ప్రకారం ఆరో నెల మొదటి రోజున ఎదో (ఇప్పటి టోక్యో)లోని షోగున్‌కు పంపేవారు. ఆ అలవాటు ఇలా మిగిలింది. అలాంటి మంచు గోతి ఆనవాలు తోటలోనే, యమజాకి కొండ దగ్గర ఉంది. ఆగస్టు మాత్రం ఉక్కపోత. మన ఎండలకు అలవాటుపడ్డవాళ్ళకు కూడా ఇక్కడి తేమ కష్టంగానే ఉంటుంది.

ప్రయాణం, సామాను, తిండి

టోక్యో నుంచి హొకురికు షింకాన్‌సెన్ ఎక్కండి. కగయాకి రైలు త్వరగా చేరుస్తుంది, కానీ అందులో సీట్లన్నీ రిజర్వేషనే. క్యోటో, ఒసాకా నుంచి వచ్చేవాళ్ళు థండర్‌బర్డ్ రైల్లో త్సురుగా దాకా వచ్చి అక్కడ షింకాన్‌సెన్‌కు మారాలి. 2024 మార్చి నుంచి ఇలా మారింది, అంతకుముందు రాసిన పాత వివరాల్ని నమ్ముకోకండి.

సూట్‌కేసుల్ని కనజావా స్టేషన్ లాకర్లలో పెట్టేయండి. తోట దారులన్నీ గులకరాళ్ళు పరిచినవి, చక్రాల పెట్టె కదలదు. స్ట్రోలర్‌తో కూడా కష్టమే, పసిపిల్లల్ని ఎత్తుకునే బెల్టు మేలు. స్టేషన్ నుంచి బస్సులో పావుగంట, ఇరవై నిమిషాలు. వెనక తలుపు నుంచి ఎక్కి చిన్న చీటీ తీసుకోవాలి, దిగేటప్పుడు ముందు తలుపు దగ్గర డబ్బు వేయాలి. చిల్లర నాణేలు చేతిలో ఉంచుకోండి.

గొడుగు తప్పనిసరి. అన్నం డబ్బా మర్చిపోయినా ఫర్వాలేదు, గొడుగు మర్చిపోకు అన్నది ఈ ఊరి సామెత. ఆకాశం నిర్మలంగా ఉందని నమ్మి బయల్దేరితే గంటలో తడుస్తారు, ముఖ్యంగా నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా.

శాకాహారులు తిండి సంగతి ముందే చూసుకోవాలి. ఇక్కడి నూడుల్స్‌లో, సూపుల్లో చేపతో కాచిన దషి ఉంటుంది. ముక్కలు కనపడకపోయినా అది శాకాహారం కాదు. టోక్యో నుంచి వెళ్తుంటే పులిహోరో, పెరుగన్నమో కట్టుకెళ్ళి షింకాన్‌సెన్‌లోనే తినేయండి. ఆ రైలులో డబ్బా విప్పుకుని తినడం అందరూ చేసేదే. ఊళ్ళోకి వెళ్ళాక బియ్యప్పిండితో, చిక్కుడు జాతి గింజల ముద్దతో చేసే సంప్రదాయ మిఠాయిలు చాలావరకు మనవాళ్ళు తినగలిగినవే. అయినా అడిగి తినండి.

తెల్లవారుజామునే వెళ్ళండి

మామూలు వేళలు: మార్చి 1 నుంచి అక్టోబర్ 15 దాకా ఉదయం 7 నుంచి సాయంత్రం 6 వరకు, మిగతా నెలల్లో 8 నుంచి 5 వరకు. పెద్దలకు 320 యెన్‌లు, పిల్లలకు 100. 65 ఏళ్ళు దాటినవారికి గుర్తింపు చూపిస్తే ఉచితం, కాబట్టి ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల పాస్‌పోర్టులు వెంట తీసుకెళ్ళండి. ధరలూ వేళలూ మారుతుంటాయి, బయల్దేరే ముందు తోట అధికారిక వెబ్‌సైట్‌లో ఒకసారి చూసుకోండి.

చాలామందికి తెలియని సదుపాయం ఇంకొకటి ఉంది. గేట్లు మామూలుగా తెరిచే ముందే కొన్ని గంటలపాటు ఉచితంగా లోపలికి వెళ్ళొచ్చు. వేసవిలో తెల్లవారుజాము 4 గంటల నుంచి, చలికాలంలో 6 గంటల నుంచి. అప్పుడు అన్ని గేట్లూ తెరవరు, రెంచిమోన్ గేటు వైపు వెళ్ళండి. మామూలు సమయం మొదలయ్యే పావుగంట ముందు బయటికి వచ్చేయాలి. ఆ సమయంలో ఉండేది ఊరివాళ్ళే, పొద్దున నడకకు వచ్చినవాళ్ళు. గులకరాళ్ళు ఊడ్చే చప్పుడు వినపడుతుంది. ఉచితమని కాదు, ఈ తోటకు తగిన వేళ అది కాబట్టి చెప్తున్నాను. తోట పక్కన హోటల్ తీసుకోవడానికి ఇదొక్క కారణం చాలు.

ఎటునుంచి నడవాలి

బస్సు దిగినవాళ్ళంతా కోటకు ఎదురుగా ఉన్న కత్సురాజాకా గేటు నుంచి వెళ్తారు. రెండు నిమిషాల్లో రాతి లాంతరు, పెద్ద చెరువు కనపడిపోతాయి, ఇక దాచిపెట్టడానికి తోట దగ్గర ఏమీ మిగలదు. మీరు అలా కాకుండా రెంచిమోన్ గేటు నుంచో, మయుమిజాకా గేటు నుంచో కింది భాగంలోకి వెళ్ళండి.

మొదట వచ్చేది హిసాగో చెరువు. చుట్టూ చెట్లు కమ్ముకుని మధ్యాహ్నం కూడా నీడగా ఉంటుంది. ఏకాంతం అన్న గుణం ఇక్కడుంది. ఎదురుగా మిదోరి జలపాతం, ఎత్తు 6.6 మీటర్లు. పక్కనే 1774లో కట్టిన యూగావో టీ గృహం, తోటలోని కట్టడాల్లో పాతది. ఇక్కడ పది నిమిషాలు ఆగినా ఎక్కువ కాదు.

పైకి వెళ్తుంటే దారిలో చిన్న ఫౌంటెన్ కనపడుతుంది, సాధారణంగా 3.5 మీటర్ల ఎత్తుకు చిమ్ముతుంది. జపాన్‌లో ఇదే అన్నింటికన్నా పాత ఫౌంటెన్ అంటారు. మోటారు లేదు, పంపు లేదు. పైనున్న చెరువుకూ దీనికీ ఉన్న ఎత్తు తేడాతోనే నీళ్ళు పైకి లేస్తాయి. చెరువు మట్టం తగ్గితే ఇదీ తగ్గుతుంది. దీని వెనకున్న కథ తోటకన్నా పాతది. 1631లో కోట తగలబడినప్పుడు మంటలు ఆర్పడానికి నీళ్ళు లేకపోయాయి. మరుసటి ఏడాది ఇతాయా హెయ్‌షిరో అనే మనిషి సాయి నదికి ఎగువ నుంచి పది కిలోమీటర్లకు పైగా, చాలాచోట్ల సొరంగాలు తొలిపించి తత్సుమి కాలువ తెచ్చాడు. నీళ్ళను లోయలోకి దించి, గొట్టాల్లో ఒత్తిడితో మళ్ళీ పైనున్న కోటలోకి ఎక్కించారు. ఈ తోటలో పారే నీళ్ళకు ఆ కాలువే ఆధారం. కాలువల మీద బతికే జిల్లాల నుంచి వచ్చిన మనవాళ్ళకు దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు వాలు ఎక్కితే కసుమిగ చెరువు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. విశాలం అంటే ఏమిటో, నీడలోంచి వచ్చిన కంటికి బాగా తెలుస్తుంది. గట్టున రెండు కాళ్ళ కోతోజి లాంతరు ఉంటుంది, ఒక కాలు నీళ్ళలో, ఇంకొకటి గట్టు రాయి మీద. కోతో అనే తంత్రీవాద్యం తీగల్ని ఎత్తిపట్టే కొయ్యముక్కను పోలి ఉంటుంది. ముందున్న చిన్న రాతి వంతెన మీద ఫొటోల కోసం వరస కడతారు. మీ వంతు రాగానే ఒకటి రెండు తీసుకుని జరగండి. ఆ తర్వాత పది అడుగులు పక్కకు వెళ్ళి, లాంతరు వెనక చెరువు, దాని వెనక కరసాకి పైన్ వచ్చేట్టు చూడండి. ఎక్కువమంది ఆగని చోటు అది, నా కంటికి అక్కడినుంచే బాగుంటుంది.

చెరువును కుడికి వదిలేసి ఎడమకు జరిగితే ఊరివైపు చూసే గట్టు వస్తుంది. అక్కడినుంచి కనజావా ఇళ్ళ కప్పులు, ఉతత్సు కొండ, ఆకాశం బాగుంటే దూరాన నోతో ద్వీపకల్పం దాకా కనపడతాయి. ఒకవైపు నిండా నీళ్ళు, వెనక్కి తిరిగితే దూరపు దృశ్యం. చైనా గ్రంథం కుదరదన్నవి రెండూ ఇక్కడ కుదిరాయి.

తర్వాత కరసాకి పైన్ దగ్గర నిదానంగా నిలబడండి. యుకిత్సురి లేని నెలల్లో కూడా కొమ్మల కింద ఊతకర్రలు కనపడతాయి. మనిషి చేతిపనీ, పాతదనమూ ఒకే చెట్టులో ఉన్నాయి. కాస్త ముందుకెళ్తే నెయాగారి పైన్, రెండు మీటర్ల ఎత్తు దాకా నేల మీదికి లేచిన వేళ్ళతో. మట్టి గుట్ట మీద నాటి, పెరిగాక మట్టి తీసేస్తే ఇలా తయారైందని చెప్తారు. దాని దగ్గరే హనామి వంతెన, వాగు. ఎగిరే బాతుల వరసలా పేర్చిన 11 రాళ్ళ వంతెన కూడా ఈ దారిలోనే ఉంది, రాళ్ళు అరిగిపోతున్నాయని దాని మీద ఇప్పుడు నడవనివ్వరు.

తోట చివరన యమజాకి కొండ. మేపుల్ ఆకుల కోసం వచ్చినవాళ్ళు ఇక్కడే సమయం పెట్టాలి. వానాకాలంలో వచ్చినవాళ్ళు కూడా, ఎందుకంటే నాచు ఇక్కడ దట్టంగా ఉంటుంది. నాచు మీద అడుగు పెట్టొద్దు, ఫొటో కోసమైనా సరే. ఒక్క అడుగు పడిన చోట అది తిరిగి పెరగడానికి చాలా కాలం పడుతుంది.

తిరుగుదారిలో ప్లమ్ వనం, పక్కనే షిగురే టీ గృహం. మచ్చా (పచ్చ టీ పొడితో చేసే టీ), చిన్న మిఠాయి తీసుకుని చాప మీద కూర్చోవచ్చు. మోకాళ్ళు ముడిచి కూర్చోలేకపోతే ఎవరూ ఏమీ అనుకోరు. ముందు మిఠాయి తినండి, ఆ తీపి నోట్లో ఉండగానే చేదు టీ తాగాలి.

ఇంత దారికీ రెండు గంటలు కేటాయించండి. ఓపిక ఉంటే 1863లో నరియాసు తన తల్లి కోసం కట్టించిన సెయ్‌సోన్‌కాకు భవనం ఆనుకునే ఉంది, దానికి వేరే టికెట్. ఎదురుగా కోట పార్కు, మయుమిజాకా గేటు బయట 21వ శతాబ్దపు కళల మ్యూజియం. మధ్యాహ్నం వాటికి ఉంచుకోండి.

కనజావా దాకా వెళ్ళలేని టోక్యో వాళ్ళు ఇదే పద్ధతిని రికుగిఎన్‌లో పాటించొచ్చు. 1702లో పూర్తయిన ఆ తోట కూడా చెరువు చుట్టూ నడిచి చూసేదే. కోమగోమె స్టేషన్ నుంచి నడక దూరం, మార్చి చివర్లో కొమ్మలు వాలిన చెర్రీకీ, నవంబర్ చివర, డిసెంబర్ మొదట్లో మేపుల్ ఆకులకూ వెళ్ళండి.